మబ్బుకు భయపడిన నడుము

సహోదరులారా, సహోదరీలారా, ఇప్పుడు మీరు చదవబోయేది మామూలు సాక్ష్యం కాదు. ఇందులో అగ్ని ఉంది, సముద్రం ఉంది, పట్టపగలు ఆకాశం నల్లబడటం ఉంది, కంటికి కనపడని శత్రువుతో ఏళ్ళ తరబడి సాగిన యుద్ధం ఉంది, చివర్లో ఘన విజయం కూడా ఉంది. పిల్లల్ని దగ్గర కూర్చోబెట్టుకుని చదవండి.

సరే, సాక్ష్యంలో అబద్ధం ఆడకూడదు గనుక ఇక్కడే చెప్పేస్తాను. అగ్ని అంటే మిర్చి ఘాటు. సముద్రం అంటే వాడరేవులో నడుములోతు నీళ్ళు. నల్లబడిన ఆకాశం కాసేపటికే తెల్లబడింది. శత్రువు నా నడుమే. వెనక ఉంటుంది గనుక కంటికి కనపడదు. పిల్లల్ని పోయి ఆడుకోమనండి.

నా పేరు ప్రవీణ్. మాది దర్శి దగ్గర పల్లె. మా నాన్న యేసురత్నం కౌలుకు మిర్చి వేస్తాడు. నేను గుంటూరు బయట ఒక కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు లారీకెక్కించే పని చేసేవాణ్ణి. టిక్కీ అంటే మిర్చిని కాళ్ళతో తొక్కి కుట్టిన గోనె బస్తా. అది మనిషంత బరువుండదు గాని, పైనుంచి పడితే ఆ తేడా ఎవరికీ తెలియదు. ఒకరోజు వరస జారి ఒకటి నా నడుము మీద పడింది. ఎముక విరగలేదు, దేవునికి స్తోత్రం, కొన్ని నెలలు పడుకుంటే తగ్గిపోతుందన్నారు, పడుకున్నాను, దెబ్బ తగ్గిపోయింది, స్కానింగులో అంతా బాగుందని రాశారు, ఇంటిల్లిపాదీ సంతోషించాం, ఒక్క నొప్పికి మాత్రం ఆ కబురు ఎవరూ చెప్పినట్టు లేదు.

అక్కడినుంచి నా చీకటి కాలం మొదలైంది. కూర్చుంటే నొప్పి, నిలబడితే నొప్పి, తుమ్ము వస్తుందని తెలిస్తే ముందే నొప్పి. పగలంతా బెల్టు, రాత్రి చెక్క మంచం. కింద పడిన చెంచాను తీయాలంటే ఇంట్లో సభ జరిగేది. మా అమ్మ గంటకోసారి "ఎలా ఉందిరా?" అని అడిగేది, అడగ్గానే నేను నడుములోకి వెళ్ళి వెతికేవాణ్ణి, వెతికితే తప్పకుండా దొరికేది. ఆరాధనలో గోడకు చేరగిలబడి నిలబడేవాణ్ణి. ప్రసంగం సాగినప్పుడు, కింద బాసిపట్లు వేసుకుని కూర్చున్న కొందరు సహోదరులు నా వైపు అసూయగా చూడటం నేను గమనించకపోలేదు.

వేళాకోళం పక్కన పెడితే, నన్ను నిజంగా తినేసింది ఇంకో సంగతి. నేను బాప్తిస్మం తీసుకోవలసిన వాణ్ణి. మా సంఘంలో బాప్తిస్మం అంటే వాడరేవులో సముద్రంలోకి దిగాలి, మా పాస్టరు గారు, మేమందరం అయ్యగారు అంటాం, మనిషిని పట్టుకుని వెల్లకిలా వెనక్కి వంచి పూర్తిగా ముంచి లేపుతారు. వెనక్కి వంచడం! చెంచా కోసం ముందుకే వంగలేని నన్ను అలల మధ్య వెనక్కి వంచితే నడుము రెండు ముక్కలై ఒకటి చీరాల వైపు, ఒకటి బాపట్ల వైపు కొట్టుకుపోతాయని నాకు గట్టి నమ్మకం. దేవుని మీద నాకున్న నమ్మకం కన్నా ఆ నమ్మకమే గట్టిది, అదీ అసలు బాధ. అందుకని వాయిదా వేశాను, మళ్ళీ వేశాను. బాప్తిస్మం లేనివాళ్ళకు ప్రభువు బల్లలో, అంటే ఆరాధనలో పంచే రొట్టె ద్రాక్షారసాల్లో, పాలు లేదు గనుక, ఆదివారం రొట్టె పళ్ళెం మా వరసలో వచ్చినప్పుడు నాకు ఇటు పక్కన ఆగేది, నన్ను దాటి అటు పక్కకు వెళ్ళిపోయేది. ప్రభువు నావరకు వచ్చి నా నడుము చూసి వెళ్ళిపోతున్నట్టు ఉండేది.

సంఘంలో డోలక్ వాయించే కిరణ్ నా చిన్ననాటి స్నేహితుడు. వాడు ఓదార్చడానికి వచ్చాడు.

"ఏరా, అయ్యగార్ని ముందుకు వంచి ముంచమని అడగరాదూ?"

"అది బాప్తిస్మంరా, గేదెను కడగడం కాదు."

"నిన్ను చూస్తే గేదే నయం. అది కూర్చుంటది."

ప్రార్థనలకు లోటు లేదు. మా ఇంట్లో కూటం పెట్టారు, సంఘమంతా వచ్చి నా నడుము మీద చేతులు ఉంచారు, ఒక పెద్దమ్మ గారైతే రెండు చేతులూ ఉంచి ఆ బలంతోనే లేచి నిలబడ్డారు. అందరూ ఏడ్చారు. నేనూ ఏడ్చాను, కొంత విశ్వాసంతో, కొంత ఆ పెద్దమ్మ గారి బరువుతో. ఆ సాయంత్రం నేను చేసిన ప్రార్థన నాకు బాగా గుర్తుంది: "ప్రభువా, ఈ నొప్పి తీసెయ్యి, ఇప్పుడే తీసెయ్యి, ఇంతమంది టీ కూడా తాగకుండా ఎదురుచూస్తున్నారు." దేవుడు విన్నాడు. కానీ ఆయన పని మొదలుపెట్టింది నడుము దగ్గర కాదు.

అయ్యగారే నన్ను ఒంగోలులో ఒక ఫిజియోథెరపీ మేడమ్ దగ్గరకు పంపించారు. ఆవిడ నన్ను వంచి, తిప్పి, కాళ్ళు లేపించి చూసి చెప్పారు.

"ప్రవీణ్, నీ నొప్పి నిజమేనయ్యా, నువ్వేం నటించట్లేదు. కానీ దెబ్బ మానిపోయింది. ఇప్పుడున్నది కాపలా నొప్పి. ఒకసారి బెదిరిన నరాలు ఇంకా కాపలా కాస్తున్నాయి, నువ్వు వంగబోతే చాలు అరుస్తున్నాయి. ప్రమాదం లేదని వాటికి నమ్మకం కలిగించాలి."

"ఎలా మేడమ్?"

"ఊపిరి నెమ్మదిగా వదులు. రోజూ కొంచెం కొంచెం వంగు. ఇంట్లో నొప్పి గురించి మాటలు తగ్గించండి. మనసు కుదుటపడితే ఒళ్ళు కుదుటపడుతుంది."

"మందేం లేదా మేడమ్?"

"ఇదే మందు."

ఇంతదూరం బస్సులో నిలబడి వచ్చింది ఊపిరి వదలడానికా అనుకున్నాను. ఊపిరి మా ఊళ్ళో కూడా దొరుకుతుంది.

ఇక ఇప్పుడు ఆకాశం నల్లబడుతుంది, జాగ్రత్త. అది మిర్చి కోతల కాలం. మా కాయంతా కల్లంలో ఎర్రగా పరిచి ఆరబోసి ఉంది. అంతకుముందు ఏడాది ఇలాగే ఆరబోసినప్పుడు కాలం కాని కాలంలో వాన కొట్టి పంటంతా నాశనమైంది, అమ్మ ఆ కాయలు ఎత్తుతూ ఏడవడం నేను మంచం మీదినుంచి విన్నాను. ఈసారి నాన్నకు దర్శిలో పని పడి, అమ్మ కూలీలతో చేలో ఉండి, కల్లం కాపలా నాకు వచ్చింది. నాన్న వెళుతూ చెప్పింది ఒకటే: "మబ్బు పడితే కేకెయ్. పక్క కల్లం వాళ్ళు వచ్చి పట్టాలు కప్పుతారు. నువ్వు మాత్రం వంగమాక."

మధ్యాహ్నం పడమర ఒక మబ్బు లేచింది. కేకేశాను. పక్క కల్లం వాళ్ళు అన్నానికి వెళ్ళారు. నాకు అమ్మ ఏడుపు గుర్తొచ్చింది, ఇక ఏమీ గుర్తులేదు. పట్టాలు లాగాను, కప్పాను, అంచుల మీద రాళ్ళు పెట్టాను, మబ్బు మా ఊరిని చూసి పక్కకు పోయింది, ఎండ కాసింది, పట్టా తీద్దామనుకుంటే ఇంకో చిన్న మబ్బు కనిపించింది, పైన ఇంకో పట్టా వేశాను, అది కూడా పోయింది, అయినా ఏ మబ్బు ఏం తెస్తుందో ఎవరికి తెలుసని తీయకుండా సాయంత్రం దాకా ఆకాశాన్ని కాపలా కాశాను. చుక్క వాన పడలేదు. పంటను కాపాడానని గర్వంగా నిలబడి ఉన్నాను, నాన్న వచ్చాడు.

"ఎవర్రా ఇంత ఎండలో పట్టా కప్పింది?"

"మబ్బు పట్టింది నాన్నా."

"ఏదీ?"

"పోయింది."

"మరి తీయొచ్చుగా?"

"ఇంకోటి వస్తుందేమోనని..."

నాన్న పట్టా అంచు ఎత్తాడు. ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి వచ్చింది. కాయ చెమ్మగిల్లి మెత్తబడింది. అందులో కొంత తర్వాత తెల్లబడి రేటు రాని తాలు కాయ అయిపోయింది. మిర్చి పండించే ఊళ్ళో పుట్టి ఎండలో కాయను ఉడకబెట్టినవాణ్ణి నేనే అయ్యుంటాను.

"వానైతే ఎప్పుడో ఒకసారి వస్తదిరా," అన్నాడు నాన్న, "నువ్వు రోజూ ఉంటావు." తర్వాత కాస్త మెత్తగా, "కాయకు గాలి తగలాలి. భయపడి మూసిపెడితే వాన అక్కర్లేదు, లోపల్లోపలే పాడైపోద్ది," అన్నాడు.

ఒంగోలు మేడమ్ చెప్పిన కాపలా మాట అప్పుడు నా బుర్రకెక్కింది. ఒకసారి పడిన వానకు ప్రతి మబ్బునూ చూసి అరిచేవాడు నేను. ఒకసారి పడిన టిక్కీకి ప్రతి కదలికనూ చూసి అరిచేది నా నడుము. బెల్టు, చెక్క మంచం, వాయిదా వేసిన బాప్తిస్మం, అన్నీ పట్టాలే. కింద ఉడికిపోతున్నది నేను.

ఇంతలో నాన్నకు ఇంకో అనుమానం వచ్చింది.

"ఇంతకీ ఈ పట్టాలు లాగిందెవర్రా?"

"నేనే."

"రాళ్ళు?"

"నేనే."

నాన్న నా నడుము వంక చూశాడు. నేను కూడా తిరిగి చూసుకోబోయాను. చెంచా తీయలేని వాణ్ణి మధ్యాహ్నమంతా వంగి లేచాను, నడుము కిక్కురుమనలేదు! ఆ సంగతి గుర్తు రాగానే, హాజరు పిలిస్తే పలికినట్టు, నొప్పి వచ్చి నిలబడింది. అయినా అప్పటికే నేను దాని గుట్టు చూసేశాను. ఆ ఎర్రటి కల్లం పక్కన, ఘాటుకు తుమ్ముతూ, నేను ఇలా ప్రార్థించాను: "ప్రభువా, టిక్కీ పడిన రోజు నువ్వు నన్ను కాపాడావు. ఆ సంగతి నాకు తెలుసు, నా నడుముకు ఇంకా తెలియదు. దానికి కూడా తెలియజెయ్యి."

ఆ ప్రార్థనకు జవాబు పిడుగులా రాలేదు, ఊపిరిలా వచ్చింది. రోజూ పొద్దున్నే నాన్న కల్లంలో పట్టాలు తీస్తుంటే నేను పక్కన కూర్చుని నెమ్మదిగా ఊపిరి వదులుతూ, "ప్రభువా, ఇది మబ్బే, వాన కాదు, పట్టా తీస్తున్నాను," అనేవాణ్ణి. తర్వాత కొంచెం వంగేవాణ్ణి. తర్వాత ఇంకొంచెం. అమ్మ "ఎలా ఉందిరా?" మానేసి "ఆకలేస్తోందా?" అని అడగడం మొదలుపెట్టింది; దానికి వెతకక్కర్లేదు, జవాబు ఎప్పుడూ ఒకటే. సంఘంలో ప్రార్థన మనవుల్లోంచి నా నడుమును తీసేయమని అడిగాను, ఆ పెద్దమ్మ గారు కొంచెం నొచ్చుకున్నారు. స్ప్రేయర్ పట్టీ తెగిపోతే నాన్న నా బెల్టు కోసి కుట్టుకున్నాడు. చెడ్డ రోజులు రాలేదని కాదు, వచ్చాయి, ఒక్కోసారి మంచం దిగలేదు, మళ్ళీ మొదటికొచ్చిందని ఏడ్చాను కూడా. కానీ ఈసారి మబ్బు కదలడం చూస్తూ కూర్చునే ఓపిక ప్రభువు ఇచ్చాడు. బైబిల్లో తుఫాను వేళ దోనెలో ఆయన ఎలా నిద్రపోయాడో నాకు తెలియదు గాని, చినుకు లేని మధ్యాహ్నం నేను కుదురుగా కూర్చోవడం కూడా తక్కువ అద్భుతం కాదు.

ఆ తర్వాత వాడరేవు! మినీ బస్సులో కూర్చునే వెళ్ళాను, సహోదరులారా, కూర్చునే! బస్సెక్కే ముందు అయ్యగారు చెప్పిన సూచనలేవీ నా చెవిన పడలేదు, నా ధ్యాసంతా నడుము మీదే. నీళ్ళలోకి దిగేసరికి నరాలు కాపలా కేకలు మొదలుపెట్టాయి. ఒడ్డున అమ్మ ఏదో అడగబోయి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. కిరణ్ డోలక్ వాయిస్తున్నాడు. అయ్యగారు నా వీపు కింద చెయ్యి వేసి, చెవిలో అడిగారు.

"ఏరా, వంచనా? ఇంకాసేపు ఆగుదామా?"

నేను ఊపిరి వదిలాను. "పట్టా తీసెయ్యండి అయ్యగారూ," అన్నాను. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. ముంచేశారు.

నీళ్ళ కింద ఏ శబ్దమూ లేదు. భయం లేదు. నా నడుము కింద ఒక చెయ్యి ఉంది, అది అయ్యగారిదని తెలుసు, ఆయనొక్కరిదే కాదని కూడా తెలుసు. పైకి లేచేసరికి అందరూ పాడుతున్నారు, నోట్లో ఉప్పునీళ్ళతో నేనూ పాడాను. నడుము ఒక్క ముక్కగానే ఉంది. ఆ తర్వాతి ఆదివారం రొట్టె పళ్ళెం మా వరసలోకి వచ్చింది, నా దగ్గర ఆగింది. ఆ ముక్క నేను చాలాసేపు నమిలాను. ఇక్కడ నవ్వించడానికి నా దగ్గర ఏమీ లేదు.

నొప్పి ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది, పలకరించి పోతుంది. నన్ను నెమ్మదిపరచినవానికే ఈ మహిమంతా చెల్లాలి. నాలాగా ఏళ్ళ తరబడి బాధపడుతున్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ నొప్పి అబద్ధమని ఎవరు చెప్పినా నమ్మకండి, ముందు డాక్టరుకు చూపించుకోండి, మీ భయాన్ని ప్రభువు చేతిలో పెట్టండి, ఆయన తొందరపెట్టడు, మీరు ఎంత వంగగలరో అంతకే చెయ్యి పడతాడు. బాప్తిస్మానికి వెనకాడుతున్నవాళ్ళు ధైర్యంగా రండి, నేను నీళ్ళలో మీ పక్కనే నిలబడతాను.

వచ్చేటప్పుడు తువ్వాళ్ళు రెండు తెచ్చుకోండి. బస్సెక్కే ముందు అయ్యగారు చెప్పింది అదేనట. ఒకటి చాలదు.