పాటలో కాలు పడే చోటు

నీకు ఇష్టమైన పాటలేవని ఎవరైనా అడిగితే, ఎవరి గొంతులో అని ఎదురు ప్రశ్న వేస్తాను. ఒకే పాట రేడియోలో ఒకలా ఉంటుంది, మా అమ్మ గొంతులో ఇంకోలా ఉంటుంది. నాకు అమ్మదే అసలు పాట. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి చెవుల్లో పాట పెట్టుకున్నానంటే, ఇప్పటికీ ప్రతి లైను మధ్యలో నా కుడికాలు టక్కున నేలను తొక్కుతుంది. పక్కవాళ్లు నా చెప్పు వంక చూస్తారు. చూడనీ, నాకేం సిగ్గు?

ఆ తొక్కుడు మల్లాపూర్ నుంచి వచ్చింది. అక్కడ మసాలా పొట్లాలు ప్యాక్ చేసే ఒక చిన్న యూనిట్‌లో అమ్మ పనిచేసేది. పొట్లం మూతిని మిషన్‌లో పెట్టి, కింద పెడల్ తొక్కితే వేడి పట్టీ దిగి మూతి అతుక్కుంటుంది. ఆ క్షణంలో చూపు వేళ్ల మీదే ఉండాలి, నోరు మెదపకూడదు. ఏమరపాటుగా ఉంటే వేలు చురుక్కుమంటుంది. అక్కడి ఆడవాళ్లంతా వరసగా కూర్చుని కలిసి పాడేవాళ్లు. అందరూ ఒక్కసారే ఆగి, ఒక్కసారే తొక్కి, మళ్లీ ఒక్కసారే అందుకునేవాళ్లు.

ఇంట్లో మిషన్ లేకపోయినా అమ్మకు ఆ ఆగుడు పోలేదు. కూర కలుపుతూ పాడినా, నాకు జడ వేస్తూ పాడినా, లైను మధ్యలో చిన్న విరామం, కాలితో చిన్న తొక్కుడు. నేను పాటలన్నీ అలాగే నేర్చుకున్నాను. ఒకసారి నాచారంలో షేర్ ఆటో ఎక్కితే, అమ్మ రోజూ పాడే సినిమా పాట వచ్చింది. ఆ గాయని ఎక్కడా ఆగడం లేదు. ఈమెకేం తొందర ముంచుకొచ్చిందో అనుకున్నానే తప్ప, తేడా మా పాటలో ఉందని నాకు తట్టనే లేదు.

నేను ఇంటర్ చదువుతున్నప్పుడు మా చర్చిలో క్రిస్మస్ కార్యక్రమానికి ఒక పాట ఒంటరిగా పాడే అవకాశం వచ్చింది. అది అమ్మ పెళ్లికి ముందే తన ఊళ్లో నేర్చుకుని, తర్వాత యూనిట్‌లో అందరికీ నేర్పిన పాట, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. క్వయర్ నడిపే అన్న అసలు పాటను ఫోన్‌లో విని కీబోర్డు మీద నేర్చుకుని వచ్చాడు. నేను పల్లవి ఎత్తుకోగానే చెయ్యి తీసేశాడు.

"నడిమిట్ల ఎందుకాగుతున్నవ్ చెల్లె?"

"యాడ ఆగినన్నా?"

"గదే, లైన్ లైన్‌కు ఆగుతున్నవ్ గద. జర ఆగకుంట పాడు."

మళ్లీ పాడాను, మళ్లీ ఆగాను. క్వయర్‌లో వాళ్లు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. అన్న మాత్రం మెల్లగానే చెప్పాడు, అలవాటు పోకపోతే పాట ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందని.

ఇంటికొచ్చి ఫోన్‌లో అసలు పాట పెట్టి అమ్మకు వినిపించాను. ఆమె చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"గిదేందే, ఈమె ఆగుతనే లేదు. ఊపిరెప్పుడు తీస్కుంటది?"

ఇద్దరం పడీపడీ నవ్వాం. క్వయర్‌లో జరిగింది చెప్పగానే అమ్మ నవ్వు ఆగిపోయింది. "నా మూలంగ నీ పాట ఖరాబైంది గద బిడ్డా" అంది. అంతే, ఆ రోజు నుంచి ఇంట్లో పాడటం మానేసింది. పాడితే నాకు పాత అలవాటు తిరగబెడుతుందని భయం. జడ వేస్తున్నప్పుడు కూడా పెదవి విప్పేది కాదు. నేను పంతం పట్టి ఆగకుండా పాడటం నేర్చుకున్నాను, క్వయర్ అన్న భేష్ అన్నాడు. కానీ అమ్మ గొంతు లేని ఇల్లు నాకు నచ్చలేదు. ఆగకుండా పాడే ఆ పాటే నెగ్గితే అమ్మ ఇక ఎప్పటికీ పాడదేమోనని దిగులు పట్టుకుంది.

కార్యక్రమం రోజు చర్చి కిక్కిరిసిపోయింది. అమ్మ పని దిగి నేరుగా వచ్చింది, ఒక్కతే రాలేదు. యూనిట్ ఆడవాళ్లందర్నీ వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్లలో చాలామంది చర్చి మొహం చూసినవాళ్లు కారు, నా పాట కోసం వచ్చారు. కూర్చోవడానికి చోటు లేక గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని, చెప్పులు విడిచి వరసగా నిలబడ్డారు. మిషన్ల ముందు ఉన్నట్టే ఉన్నారు. అమ్మ పెదవులు బిగించుకుని నా వంకే చూస్తోంది, నేనెక్కడ ఆగుతానోనని.

పల్లవి సగం వరకు వచ్చాను. వచ్చి, కావాలనే ఆగాను.

కీబోర్డు నన్ను వదిలి ముందుకు పోయి, తడబడి, అదీ ఆగింది. క్వయర్ అన్న కళ్లు పెద్దవి చేశాడు. ఆ నిశ్శబ్దంలో గుమ్మం దగ్గర నుంచి ధన్‌మని ఒక్క చప్పుడు. వరసలో ఉన్న కాళ్లన్నీ ఒక్కసారే నేలను తొక్కాయి. ఎవరూ అనుకుని చేయలేదు, ఆ చోటు రాగానే వాళ్ల కాళ్లు వాటంతట అవే లేచాయి. వెంటనే పాట వెనక నుంచి అందుకున్నారు, పనిలో అందుకున్నట్టే. అందరికంటే పైన వినిపించిన గొంతు మా అమ్మది.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. నాకు ఏడుపు, గర్వం కలిసి ముంచుకొచ్చాయి. అయినా పాడుతూనే ఉన్నాను. రెండో చరణానికల్లా కీబోర్డు కూడా మాతో పాటు ఆగి మాతో పాటే ఎత్తుకుంది.

కార్యక్రమం అయ్యాక, భోజనాల దగ్గర క్వయర్ అన్న నా పక్కకు వచ్చాడు. "ముందుగల ఒక మాట చెప్తే నేను గూడ ఆగుతుంటి గద" అన్నాడు. మర్నాడు జడ వేస్తూ అమ్మ పాట ఎత్తుకుంది. నేను కదలకుండా కూర్చున్నాను.

యూనిట్‌లో ఇప్పుడు పెడల్ మిషన్లు లేవు, పొట్లాలు వాటంతట అవే అతుక్కుని పడతాయి. అమ్మ పని మానేసి చాలా కాలమైంది. మా చర్చిలో మాత్రం ఆ పాట ఎత్తుకుంటే పిల్లా పెద్దా లైను మధ్యలో ఆగి, కాలు తొక్కి, మళ్లీ అందుకుంటారు. మొన్న నారపల్లి నుంచి కొత్తగా వచ్చిన ఒకావిడ తనకు తెలిసిన పద్ధతిలో పాడుకుంటూ ముందుకు పోయి, తాను ఒక్కతే మిగిలి కంగారుపడింది. ప్రార్థన అయ్యాక, పక్కన కూర్చున్న అమ్మనే అడిగింది.

"ఏందమ్మా, గట్ల ఆగి తొక్కుడు ఈ చర్చి పద్ధతా?"

"కాదు" అంది అమ్మ. "మా పని పద్ధతి."