వంటింట్లోకి తెలుగు చీటీ

బెంగళూరు కుందలహళ్ళిలో నేను భోంచేసే మెస్సు ఒక అక్కది. వాళ్ళది హిందూపురం వైపు. అక్క ముందర గల్లా దగ్గర కూర్చుని ఆర్డర్లు తీసుకుంటుంది, వాళ్ళాయన లోపల వండుతాడు. ఒక జ్వరం తర్వాత ఆయనకు రెండు చెవులూ పోయాయి. అక్క గొంతు చించుకుని అరిచినా వినపడదు. ఉల్లిదోసె అడిగినవాడికి ఉప్మా వెళ్ళేది. అన్నానికి పిలిచినా వినపడక, ఆయన లోపలే నిలబడి ఏదో తినేసేవాడు. వేరే వంటమనిషిని పెట్టుకోమని బంధువులు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారని అక్క ఒకరోజు నాతో చెప్పుకుంది.

“పొయ్యి కాడ నుంచి లేపితే ఆయప్ప మనిషి కాడప్పా,” అంది.

ఆయనకు తెలుగు బాగా చదవడం వచ్చు. అక్కకు చదువు రాదు, బొమ్మ చూసి నొక్కగలదు. ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి, ఆ మాత్రం చేయలేనా అని నేనే ముందుకు దూకాను. గల్లా దగ్గర ట్యాబ్‌లో వంటకం బొమ్మ నొక్కితే, వంటింట్లో పెట్టిన అచ్చు మిషన్‌లోంచి తెలుగు చీటీ వచ్చేలా ఒక పాత ప్రోగ్రామును సవరించాను. ఒక ప్లేటు ఇడ్లీ నొక్కి చూశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. నా భుజం నేనే తట్టుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం రద్దీలో ఒక కుటుంబం వచ్చి నాలుగైదు రకాలు చెప్పింది. చీటీ నిండా ఏటవాలు గీతలు, ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు! ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. చెవులతో పాటు చూపూ పోయిందేమోనన్నట్టు కళ్ళద్దాలు తుడిచి మళ్ళీ చూశాడు.

కంచం పక్కకు జరిపి అక్కడే ల్యాప్‌టాప్ తెరిచాను. ఆ పాత ప్రోగ్రాములో ఒక్క వంటకాన్ని అచ్చు వేయమంటే తెలుగులో వేస్తుంది. నాలుగింటిని కలిపి వేయమంటే మాత్రం, ప్రోగ్రామర్లకు తప్ప ఎవరికీ అక్కర్లేని లోపలి సంకేతాలు కక్కుతుంది. నేను ఒంటరిగా తినేవాణ్ణి కాబట్టి ఒక్క ప్లేటుతోనే పరీక్షించాను. జనం కలిసి కూర్చుని తింటారన్న సంగతే నాకు తట్టలేదు. అయినా ప్రోగ్రామును తిట్టే మొహం నాకెక్కడిది? నేనూ ఒక్కణ్ణే ఉన్నప్పుడు తెలుగువాణ్ణే. ఆఫీసులో నలుగురి మధ్య కూర్చోగానే మా అమ్మకు అర్థంకాని భాష నోట్లోంచి ఊడిపడుతుంది.

ఎంతమందిలో ఉన్నా తెలుగులోనే కనిపించమని వంటకాలకు నేర్పాను. ప్రోగ్రాములో రెండు వరుసల పని. ఆ పూట నుంచి ఎంత పెద్ద ఆర్డరైనా చీటీ సరిగ్గా వచ్చింది. ఉల్లిదోసె అడిగినవాడికి ఉల్లిదోసే వెళ్ళింది. బంధువులు నోళ్ళు మూసుకున్నారు.

కొన్నాళ్ళకు అక్క, ట్యాబ్‌లో ఇంకొకటి ఎక్కించాలంది. కొత్త టిఫిను కాబోలనుకున్నాను. కాదట. ఆమె చెప్పిన మాటలు టైపు చేసి, దీనికి బొమ్మ ఏం పెట్టాలక్కా అని అడిగాను.

“రెండు కంచాలు పెట్టప్పా,” అంది, నా వైపు చూడకుండా.

జనం పలచబడ్డాక ఆ బొమ్మ నొక్కింది. లోపల మిషన్ గర్రుమంది. ఆయన చీటీ చింపి చదువుకున్నాడు. “ఇంక చాలు. రా, తిందాం.” పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని, బయటికొచ్చి అక్క పక్కన కూర్చున్నాడు.