తొమ్మిదో నంబరు సర్వరు

నంద్యాలకు బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వచ్చిన రోజుల్లో, కంప్యూటర్ మూత విప్పి మళ్లీ బిగించగలిగిన ప్రతివాడినీ జనం ఇంజనీరు అనేవారు. బిగించాక రెండు స్క్రూలు మిగిలినా ఆ గౌరవానికి లోటు రాలేదు. అలాంటి ఇంజనీర్లలో నేనొకణ్ణి. ఇరవై మూడేళ్లు, జేబులో స్క్రూడ్రైవరు, తలలో దానికి తగని పొగరు. ఆ తల చేసిన పనికి శిక్ష వేరొకరు అనుభవించారు. ఇప్పుడైనా ఉన్నదున్నట్టు చెప్పాలి.

మా ఊళ్లో ఒక విత్తనాల సావుకారు ఉండేవాడు. ఆఫీసు నంద్యాలలో, గోదాము ఆళ్లగడ్డలో. గోదాములో కూర్చున్నచోటి నుంచే నంద్యాల సర్వరులో సరుకు వివరాలు ఎక్కించాలని ఆయన కోరిక. దానికోసం ఆఫీసు నెట్‌కు గేటు లాంటి ఫైర్‌వాల్ పెట్టి, నాట్ అనే ఏర్పాటు చేశాను. (పేరు చూసి భయపడకండి. బయటివాళ్లకు ఆఫీసు మొత్తానికీ ఒకటే చిరునామా. వచ్చినవాడిని లోపల ఏ యంత్రం దగ్గరికి పంపాలో గేటు దగ్గర వాచ్‌మన్‌కు రాసిచ్చే చీటీ, అంతే.) సర్వరు నంబరు పది. ‘ఆళ్లగడ్డ నుంచి వస్తే పదికి పంపు’ అని చీటీ రాశాను. పని చేసింది. అక్కడ కంప్యూటరు ముందు కూర్చునేది తూకాలన్న. పాతికేళ్లు మూటలు తూచి, నలభై ఎనిమిదో ఏట ఒంటి వేలితో టైపు నేర్చుకుని ఆ కుర్చీ సంపాదించుకున్నవాడు.

మర్నాడు సావుకారు సర్వరు చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు.

“దీని నంబరెంతప్పా?”

“పది సార్.”

“పదా? కూడితే ఒకటి. నా లారీల నంబర్లు ఏది కూడినా తొమ్మిది. దీన్నీ తొమ్మిది చెయ్.”

“తొమ్మిది ప్రింటరుకు ఇచ్చినా సార్.”

“కాయితాలు మింగేదానికి అదృష్టమెందుకప్పా?”

సర్వరుకు తొమ్మిది, ప్రింటరుకు పది ఇచ్చాను. ఆఫీసులో ప్రతి కంప్యూటరులోనూ మార్చాను. వాచ్‌మన్ చీటీ మాత్రం మార్చలేదు. ఆ సాయంత్రం నుంచి ఆళ్లగడ్డ పోయి పోయి ప్రింటరు తలుపు తడుతోంది. ఈ కొత్త చుట్టాలెవరో ప్రింటరుకు తెలియదు.

“ఆడ తెరుచుకోలేదంట, ఏందీ కథ?” అన్నాడు సావుకారు.

“ఈడ అంతా బాగుంది సార్. ఆడ ఆయప్ప ఏదో తప్పు నొక్కింటాడు.”

ఆళ్లగడ్డ వైపు తొంగి కూడా చూడకుండా అన్న మాట అది. తెల్లారేసరికి తూకాలన్న కుర్చీ పోయింది, మళ్లీ మూటల దగ్గరికి పంపేశారు.

పదో రోజు ఇంకేదో పని మీద ఫైర్‌వాల్ తెరిస్తే, చీటీలో పది అట్లాగే ఉంది. అర నిమిషంలో దిద్దాను. దిద్ది నోరు విప్పానా? లేదు. బస్సెక్కి ఆళ్లగడ్డ పోయి, తూకాలన్న కంప్యూటరు వెనకాల వైర్లు అరగంట కదిలించి, “సరిపోయింది” అన్నాను.

“నా కుర్చీ నాకు ఇప్పిస్తివప్పా,” అని తూకాలన్న భుజాల మీది దుమ్ము కూడా దులుపుకోకుండా హోటలుకు తీసుకుపోయి ఉగ్గాని, బజ్జీ తినిపించాడు. (రెండో ప్లేటు నేనే అడిగాను.)

ఇన్నేళ్ల తర్వాత, నెల కిందట నంద్యాల బస్టాండులో ఆయన కనబడితే, ధైర్యం చేసి అంతా చెప్పేశాను.

“అయితే నేను కొట్టినందుకు కాదా?”

“ఏం కొట్టినావన్నా?”

“ఆ పొద్దు కంప్యూటరులో తెరుచుకోకపోతే దాన్ని టీవీని తట్టినట్టు రెండు తట్టినా. దానికే చెడిందని సావుకారు దగ్గర ఒప్పుకుంటి. మా ఆమె ఇంతవరకూ నన్ను మిక్సీ ముట్టనీదు.”

వెంటనే ఇంటికి ఫోను కలిపి నా చేతికిచ్చాడు. “నువ్వే చెప్పు.” బస్టాండు రొదలో, సగం నెరిసిన గడ్డంతో, గేటూ వాచ్‌మనూ చీటీ అంటూ నాట్ మొత్తం ఆమెకు వివరించాను. నా జీవితంలో ఇంత శ్రద్ధగా విన్న కస్టమరు లేరు.

“అట్లయితే ఆయప్ప పది దినాలు మూటలు మోసింది నీ వల్లనా?”

“అవునక్కా.”

“ఆదివారం అన్నానికి రా. తిట్టేది శానా ఉంది, ఫోన్లో అయ్యేది కాదు.”

పోయాను. ఆమె ఎంత తిట్టిందో నాకు సగమే వినబడింది. మిగతా సగం మిక్సీ మోతలో కలిసిపోయింది. పక్కన తూకాలన్న పల్లీల చట్నీ తిప్పుతున్నాడు, అవసరానికి మించి, ఆపకుండా. ముందే నోరు విప్పి ఉంటే ఈ మోత ఇరవై ఏళ్ల కిందటే వినేవాణ్ణి కదా అని, తల వంచుకుని, నవ్వుకుంటూ అన్నం కలుపుకున్నాను.