సముద్రం ఒడ్డున క్వారీ విజిల్

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే పని ఉందని లేచి వెళ్లిపోయే రకం నేను. భయపడి కాదు, చిరాకేసి. అత్తగారి వైపు వాళ్లు నన్ను మొండిఘటం అంటారు. అలాంటి నేను ఇది రాస్తున్నానంటే నాకే సిగ్గుగా ఉంది. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మాది గురజాల దగ్గర పల్లె. మా నాన్న సున్నపురాయి క్వారీలో మందు పెట్టి రాయి పేల్చేవాడు. పేల్చే ముందు విజిల్ ఊదేదీ ఆయనే. పొడుగ్గా మూడుసార్లు. అది వినబడితే చేతిలో ఏముంటే అది పడేసి పరిగెత్తాలి. పక్కవాళ్ల కోసం చూడకూడదు. క్వారీ పక్కనే మా రేకుల ఇల్లు కాబట్టి నడక వచ్చిన దగ్గర్నుంచీ నాకూ మా తమ్ముడికీ ఆ పరుగు అలవాటు.

నాన్న ఊపిరితిత్తుల జబ్బుతో పోయి ఎనిమిదేళ్లయింది. అప్పుడే అమ్మా తమ్ముడూ గురజాలకు మారిపోయారు. పెళ్లయ్యాక నేను విజయవాడలో ఉంటున్నాను. మా పాప చిన్నికి ఆరేళ్లు. క్వారీ అంటే ఎట్లా ఉంటుందో దానికి తెలియదు.

మొన్న మే నెలలో అపార్ట్‌మెంటులో ఉడికిపోలేక, ఒక ఆదివారం పొద్దున్నే కారులో బాపట్ల వైపు బీచ్‌కి బయల్దేరాం. మా ఆయన, నేను, చిన్ని, ఊరి నుంచి వచ్చిన మా తమ్ముడు. సాయంత్రానికల్లా ఇంటికి వచ్చేయాలని అనుకున్నాం.

మా ఆయనకు ఈత రాదు, ధైర్యం మాత్రం బోలెడు. మోకాళ్ల లోతు వరకే అని పాప చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగాడు. చుట్టూ జనం బాగానే ఉన్నారు. నేనూ తమ్ముడూ ఇసుకలో దుప్పటి పరుచుకుని కూర్చున్నాం. నేను డబ్బా తీసి పులిహోర ప్లేట్లలో పెడుతున్నాను.

అప్పుడు విజిల్ వినబడింది. పొడుగ్గా ఒకటి. తర్వాత రెండోది. మూడోది పూర్తయ్యేసరికి నా చేతిలో ప్లేటు లేదు. పరిగెత్తుతున్నాను. నాకంటే ముందు తమ్ముడు పరిగెత్తుతున్నాడు. ఇద్దరం సరుగుడు చెట్ల వైపు పోతున్నాం. మమ్మల్ని చూసి ఎవరో నవ్వారు కూడా.

కాలుతున్న ఇసుక అరికాళ్లకు తగిలాక గానీ నాకు పాప గుర్తు రాలేదు.

వెనక్కి తిరిగాను. నా వెనకే చిన్ని పరిగెత్తుకొస్తోంది. తడిసిన గౌను, రెండు చేతులతో చెవులు గట్టిగా మూసుకుని, నోరు బార్లా తెరిచి. ఏడుపు లేదు, అరుపు లేదు. దాన్ని పట్టుకుని సముద్రం వైపు చూస్తే, అక్కడ మా ఆయన లేడు.

జనం కేకలు పెడుతున్నారు. చేపలు పట్టేవాళ్లు ఇద్దరు దూకి ఆయన్ని చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చారు. కడుపులో నీళ్లన్నీ కక్కాడు. బతికాడు. పాప ఉన్నట్టుండి చెయ్యి విదిలించుకుని ఒడ్డుకు పరిగెత్తిందట. దాని వెనక రాబోతుంటే కాళ్ల కింద ఇసుక జారిపోయిందట. విజిల్ మాత్రం ఆయన వినలేదు.

పక్కన కూర్చున్న వాళ్లనడిగాను. ఎవరూ వినలేదు. కాపలా ఉన్న కానిస్టేబుల్ మెడలో విజిల్ ఉంది, కానీ పొద్దుటి నుంచి తాను ఊదనే లేదన్నాడు. నాకూ తమ్ముడికీ చెవుల్లో ఏదో పొరపాటు అనుకుందామన్నా, పాప సంగతేమిటి?

తమ్ముడు ఇసుకలో చతికిలబడ్డాడు. "నోరు తెరవమని దీనికి నువ్వు నేర్పావా అక్కా?" అన్నాడు.

నేను నేర్పలేదు. పేలుడు దగ్గరలో ఉంటే చెవులు మూసుకుని నోరు తెరవాలి, లేకపోతే చెవులు దెబ్బతింటాయని నాన్న మా చిన్నప్పుడు చెప్పేవాడు. ఆ మాట నేను మర్చిపోయి ఎన్నేళ్లయిందో. ఆ రోజు నేనూ తమ్ముడూ నోరు తెరవలేదు, మమ్మల్ని చూసి చేసిందనుకోవడానికి.

చిన్నిని అడిగాను, ఎందుకు పరిగెత్తావని.

"విజిల్ వేశారుగా."

"మరి నోరెందుకు తెరిచావే?"

"తెరవాలిగా మరి," అంది, ఇది కూడా తెలియదా అన్నట్టు. ఎవరు చెప్పారని అడిగితే, గౌను అంచు పిండుకుంటూ కూర్చుంది.

తిరుగు దారిలో తమ్ముడు కారు నడిపాడు. పాప నిద్రపోయింది. ముందు సీట్లోంచి మా ఆయన నా వైపు తిరిగాడు. కోపంగా కాదు, మెల్లగా అడిగాడు. "విజిల్ విన్నావు, సరే. పాప నీళ్లలో ఉందిగా. ఎట్లా వదిలేసి పోగలిగావు?"

ఆ విజిల్ ఎవరు ఊదారో నాకు తెలియదు. పాపకు ఆ సంగతి ఎవరు చెప్పారో తెలియదు. ఇవాళ్టికీ తెలియదు. కానీ మా ఆయన అడిగినది వాటి గురించి కాదు. నేను పాప తల మీద చెయ్యి వేసి కూర్చున్నాను. విజిల్ వినబడితే పక్కవాళ్ల కోసం చూడకూడదని నాన్న నేర్పాడని, పాప తండ్రికి ఎట్లా చెప్పను?