మామా అని పాడిన ముసలాయన

నిన్న అర్దియాలో, నేనూ మా అక్కా పనిచేసే అరబ్బుల ఇంటి వంటగదిలో ఉల్లిపాయలు తరుగుతుంటే ఈ ఇంటి అమ్మాయి ఫోన్‌లో గిటారు మోగింది. నాకు ఒళ్ళు మండిపోయింది. తెల్లజుట్టు, స్టూలు, ఒళ్ళో గిటారు. ఆ బ్రెజిల్ ముసలాయనే. పొయ్యి దగ్గరున్న మా అక్క నవ్వింది. "ఏమే, మీ ముసిలోడు వచ్చినాడే!"

ఆయన్ను చూసినప్పుడు నేను బ్నీద్ అల్ గార్‌లో వేరే ఇంట్లో పనిచేసేదాన్ని. ఇంటావిడను ఇక్కడ మేమంతా మామా, అంటే అమ్మా, అంటాం, ఆమెలో అమ్మతనం వెతికినా దొరక్కపోయినా. ఆమె మాత్రం నన్ను నాకంటే ముందు పనిచేసిపోయినామె పేరుతోనే పిలిచేది. కొత్త పేరు నేర్చుకోవడం కూడా బరువే కాబోలు. పిల్లలు "మామా" అని అరిస్తే ఆమె సోఫాలోంచి కదిలేది కాదు, పరుగెత్తాల్సింది నేను. "వస్తాండా, వస్తాండా" అనే నా కడప మాట ఆ పిల్లలకు బాగా తెలుసు. అక్క ఉన్న ఈ ఇంట్లో ఇంకో మనిషి కావాలన్నారని చెప్పి, నన్ను వదలమని ఎన్నోసార్లు అడిగాను. చివరికి ఒప్పుకుంది. ఆ వారంలోనే ఈ ముసలాయన కచేరీ వచ్చిపడింది.

చిన్నపాపను ఎత్తుకోవడానికి నన్నూ తీసుకుపోయింది. హాల్లో ఎముకలు కొరికే ఏసీ. ఆయన చాలాసేపు తీగలు సరిచేసుకుంటున్నాడనుకున్నాను, అదే పాటట. గొంతు చూస్తే పక్కవాడికి రహస్యం చెబుతున్నట్టుంది. జనం కళ్ళు మూసుకుని తలలూపుతున్నారు. వాళ్ళు మూస్తే రసికత, నేను మూస్తే నిద్ర. పాప నా ఒళ్ళో, నేను కుర్చీలో, ఇద్దరం తూగుతున్నాం. ఉన్నట్టుండి "మామా..." అని దీనంగా పిలుపు.

"వస్తాండా, వస్తాండా!" అంటూ లేచి నిలబడ్డాను. పాప జారి ఏడుపందుకుంది. పాట ఆగింది. హాలంతా నావైపే తిరిగి నవ్వింది. ఆ ముసలాయన కూడా నవ్వి, నన్నే చూస్తూ మళ్ళీ "మామా" అన్నాడు. చప్పట్లే చప్పట్లు. అప్పుడు ఆయన్ను ఎంత తిట్టుకున్నానో!

కార్లో మామా ఒక్కటే మాట అంది. "ఖలాస్. అర్దియా మాఫీ." అర్దియా లేదు, గిర్దియా లేదు. ఇంకో ఏడాదికి గానీ వదల్లేదు. ఆ ఏడాది అక్క గొంతు ఫోన్‌లో వినడమే.

నిన్న అక్క ఆ పాట సంగతేందని అమ్మాయిని అడిగి నాకు చెప్పింది. "సచ్చిపోయిన వాళ్ళమ్మను పిలుస్తాండాడంటనే."

పిలిస్తే పిలవనీ, నా కోపమేం తగ్గలేదు. అంతమంది చప్పట్లు కొట్టారు. వస్తానని బదులు చెప్పింది నేనొక్కదాన్నే, శిక్షా నాకొక్కదానికే. ఇంతలో పక్కగదిలో ఈ ఇంటి బుడ్డది "మామా" అంది. కత్తి ఎప్పుడు కింద పెట్టానో, ఎప్పుడు లేచానో తెలీదు. ఈ ఇంట్లో పిల్ల పిలిస్తే వాళ్ళమ్మే పోతుంది. ఇల్లు మారి ఇన్నేళ్ళయినా నా కాళ్ళకు ఆ కబురు ఇంకా అందలేదు.