గోలీల మీద కొలువు

నా చిన్నప్పుడు, కాలిఫోర్నియాలో మేమున్న వీధి మొత్తానికి బొమ్మల కొలువు పెట్టేది మా అమ్మ ఒక్కతే. అమ్మమ్మ ఇచ్చిన మట్టి బొమ్మల్ని చీరల్లో చుట్టి, విమానంలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. ఒక దసరాకి చిన్న భూకంపం వచ్చింది. పై మెట్టు మీది పెళ్లికూతురు బొమ్మ కిందపడి ముక్కలైంది, జంటలో పెళ్లికొడుకు ఒక్కడే మిగిలాడు. ఆ రోజు అమ్మ అన్నం ముట్టలేదు.

మరుసటి ఏడు నాన్నగారికి పంతం వచ్చింది. మెట్లన్నీ మేకులతో గోడకి బిగించేసి, ఇక ఏనుగు వచ్చి గుద్దినా కదలవని మీసం మెలేశారు. అమ్మకి నమ్మకం కుదరలేదు. ఉన్నవైనా మిగలనీయండంటూ బొమ్మల పెట్టె తెరవనంది. కొలువు లేకపోతే పేరంటం ఎక్కడిది? నాకు ఏడుపు ఆగలేదు.

పరుగెత్తుకెళ్లి పక్కింటి జపాన్ ఆంటీని తీసుకొచ్చాను. ఆవిడ భవనాలు డిజైన్ చేసే ఇంజనీరు. ఏటా మా పేరంటానికొచ్చి శనగలు ఇష్టంగా తినేది. గోడకి బిగించిన మెట్లు చూసి, "మరి గోడే ఊగితే?" అని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది. నాన్నగారు గోడని ఓసారి తట్టి చూసుకున్నారు.

ఆంటీ వాళ్ల తాతగారి ఊళ్లో ఇంటి స్తంభాలను భూమిలో పాతరట. రాళ్ల మీద ఊరికే నిలబెడతారట. నేల కదిలితే ఇల్లు కాస్త జరిగి, మళ్లీ నిలదొక్కుకుంటుందట. "మా నేల ఊరుకోదు. అందుకని దానికి కొంచెం దారి వదులుతాం" అంది. నోరు తెరుచుకుని విన్నాను.

నాన్నగారి చేతే మేకులు పీకించింది. కింద ఒక చెక్క, దాని మీద నాలుగు సాసర్లు, ఒక్కోదానిలో నా గోలీ ఒకటి, వాటిపైన మెట్లు. పెట్టెలో పెట్టకుండా అలమరలో ఉంచిన పెళ్లికొడుకుని మాత్రం పైన నిలబెట్టి, కింది చెక్కని లాగమని అమ్మకే చెప్పింది. అమ్మ కళ్లు గట్టిగా మూసుకుని లాగింది. గోలీలు గలగలమన్నాయి. మెట్లు ఇటూ అటూ ఊగి కుదురుకున్నాయి. పెళ్లికొడుకు పడలేదు.

అమ్మ పకపకా నవ్వి, పెట్టె తెరిచింది. ఆ ఏడు మొదటి తాంబూలం ఆంటీకే.

ఇప్పుడు చాండ్లర్ అనే ఊళ్లో ఉంటున్నాను. మొన్న మా అమ్మాయి, "అమ్మా, జాబ్ క్విట్ చేసి ఫుడ్ ట్రక్ స్టార్ట్ చేద్దామనుకుంటున్నా" అంది. వద్దన్న మాట నా నోటి దాకా వచ్చింది. కొంచెం దారి వదలాలన్న ఆంటీ మాట గుర్తొచ్చింది.

"కూర్చో, మొత్తం చెప్పు" అన్నాను.