బానెట్ కింద లేని పీచు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువును తూకం వేస్తే పావుకిలో కూడా ఉండదు. రెండు బోల్టులు. అరచేతిలో పట్టేస్తాయి. వాటిని మోస్తూనే పాఠాలు చెప్పాను, పెళ్లిళ్లకు వెళ్లాను, ఆదివారం ఆరాధనలో ముందు బల్ల మీద కూర్చున్నాను. మా సంఘంలో అప్పుడప్పుడు లేచి సాక్ష్యం చెప్పమంటారు. నేను చాలాసార్లు లేచాను. జబ్బు నయమైన సంగతి చెప్పాను. ఒకప్పుడు దొంగచాటుగా సిగరెట్లు కాల్చిన సంగతి కూడా చెప్పి మెప్పు పొందాను. ఇది మాత్రం చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకని మీకు చెబుతున్నాను. పేర్లు మార్చాను. తక్కినదేదీ మార్చలేదు.

నేను అమలాపురం కాలేజీలో ఫిజిక్సు చెప్పే మాస్టారిని. చిన్నప్పటి నుంచీ నాకొక జబ్బుంది. దేన్నయినా విప్పి చూడాలి. గడియారం, రేడియో, పక్కింటివాళ్ల మిక్సీ. మా ఆవిడ నన్ను చూసి స్క్రూడ్రైవర్లు దాచేస్తుంది. ఈ కుతూహలం మంచి గుణమని క్లాసులో పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. మంచి గుణమేనా? ఇప్పుడు నాకే సందేహం.

మా అక్క భర్త ప్రభాకర్ బావగారు రాజోలులో పళ్ల డాక్టరు. ఆయనకు యాభై దాటాక కారు మోజు పుట్టింది. ఆసుపత్రికి వెళ్లిరావడానికి కాదు, నలుగురూ తిరిగి చూడడానికి. వెతికి వెతికి రెంటి దగ్గర ఆగారు. ఒకటి పాత తెల్ల అంబాసిడర్. అంబాజీపేటలో ఒక కొబ్బరి షావుకారుది. పైకి పాతదే గాని, లోపల పాత ఇంజను తీసేసి, ప్రమాదంలో నుజ్జయిన ఒక వ్యానులోంచి ఊడదీసిన డీజిల్ ఇంజను పెట్టించాడాయన. పెట్టినవాడు కొత్తపేట మెకానిక్ సత్తిబాబు. రెండోది రాజమండ్రిలో ఎవరో వాడుకుని అమ్ముతున్న స్పోర్ట్స్ కారు. ఎర్రది. రెండే తలుపులు, రెండే సీట్లు. మీట నొక్కితే పైకప్పు వెనక్కి మడుచుకుపోతుంది.

బావగారు ఎటూ తేల్చుకోలేకపోయారు. మనసు ఎర్రదాని మీద, బుద్ధి తెల్లదాని మీద. చివరికి బుద్ధి వైపే మొగ్గి, అంబాసిడర్ ఒకసారి నువ్వు చూసి బాగుందంటే కొనేస్తానన్నారు. షావుకారు కూడా, మాస్టారు చూస్తానంటే అంతకంటేనా అని, బండిని మా ఇంటి ముందు వదిలి వెళ్లాడు. మర్నాడు బావగారు వచ్చి నడిపి చూస్తారు. అదీ ఏర్పాటు.

ఆ సాయంత్రం నేను బానెట్ ఎత్తాను.

ఏం చెప్పను మీకు? ఆ ఇంజను ఆ గుంటలో పుట్టినట్టే కూర్చుంది. అది అక్కడ పట్టే ఇంజను కాదు. దాని కోసం సత్తిబాబు ఇనుప రేకు కోసి, వంచి, అతికి, కొత్త ఆసరాలు తయారుచేశాడు. వాటి అంచులు ఆకురాయితో నున్నగా అరగదీశాడు. ఎవరూ చూడని చోట, ఎవరి వేలూ తగలని చోట, ఎందుకంత శ్రద్ధ? నేను వేలు పెట్టి తడిమి చూశాను. తడుముతూంటే నాకు ఆ బండి కావాలనిపించింది. ఊరికే బాగుందనిపించడం కాదు. ఆకలేసినట్టు కావాలనిపించింది. బావగారు కొన్నా దాని బానెట్ ఎత్తి చూసే మనిషి కాదు, అద్దాలు తుడిపించుకునే మనిషి. నాకు కుళ్లు పుట్టింది. అవును, కుళ్లే. ఇంకో మాట వెతకను.

తర్వాత చేసినదాన్ని నాకు నేనే చాలా రకాలుగా చెప్పుకున్నాను. ఇంజను స్టార్టు చేశాను. ఒడిలో పడుకున్న పిల్లిలా గురగురలాడింది. ఆసరాల బోల్టులు కాస్త వదులు చేస్తే ఈ గురగుర ఏమవుతుంది? నిజంగా ఆ ప్రశ్నే వచ్చింది నాకు. పదిహేడో నంబరు స్పానరు తెచ్చాను. ఎడమవైపు బోల్టు ఒక చుట్టు తిప్పాను. చిన్న తేడా. ఇంకో చుట్టు. కుడివైపు కూడా. ఇంజను అదరడం మొదలెట్టింది, గేరు రాడ్డు దానంతటది ఊగింది, తలుపుల అద్దాలు గడగడలాడాయి. నాకు సరదా వేసింది. ప్రయోగశాలలో పిల్లవాడికి వేసేంత సరదా. అంతవరకూ తప్పేమీ లేదని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ తర్వాత స్పానరు జేబులో వేసుకుని, బానెట్ మూసి, భోజనానికి వెళ్లిపోయాను.

కుతూహలం ఏ క్షణంలో దొంగతనంగా మారింది? నేను వెతుకుతున్నది ఆ క్షణం కోసమే. చేతులు కడుక్కునేటప్పుడా, రాత్రి పక్క మీద వాలి, పొద్దున లేచి బిగించేద్దాంలే అని అబద్ధమాడుకున్నప్పుడా, పొద్దున లేచి కాఫీ తాగి, పేపరు చదివి, ఎండెక్కేదాకా ఆ బండి వైపు వెళ్లకుండా ఉన్నప్పుడా? తెలియడం లేదు.

బావగారు వచ్చి కాలవ గట్టు మీద బండి నడిపారు. కొంచెం దూరం పోయేసరికి ఆయన చేతులు కూడా అదరసాగాయి. ఆపి నా వంక చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ, “ఇంజను మార్చిన బళ్లు ఇంతే బావగారూ, ఎంత చేసినా అతుకు అతుకే” అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. మాస్టారి నోట వచ్చిన మాట కాబట్టి అది అక్కడ ఆగలేదు. అంబాజీపేట కమిషన్ కొట్లలో తిరిగింది, కొత్తపేట టీ బడ్డీ దాకా పోయింది. సత్తిబాబు పెట్టిన ఇంజను పళ్లు కొరుకుతోందని అక్కడ నవ్వుకున్నారట. ఇంజను మార్పించుకోవాలనుకున్నవాళ్లు ఆ తర్వాత రావులపాలెం వైపు పోయారు.

బావగారు ఎర్ర కారు కొనుక్కున్నారు. పైకప్పు తెరుచుకునే కారు మా వైపు ఎవరైనా కొంటారా చెప్పండి. కొబ్బరి చెట్టు నీడ పడని చోటు ఉందా ఇక్కడ? కొన్న కొత్తలోనే ఒక కాయ రాలి బానెట్ సొట్టపోయింది. కాలవ వంతెన ఎక్కినప్పుడల్లా దాని పొట్ట రాసుకుంటుంది. మా అక్క మోకాళ్ల నొప్పులతో అందులోకి దిగలేక, దిగితే లేవలేక, ఒకే ఒక్కసారి ఎక్కింది. ఇదంతా చూసి నేను లోలోపల కుంగిపోవాలి గదా? కుంగిపోయేవాణ్ణే. కాని బావగారు ఆ కారుతో మహా సంతోషంగా ఉన్నారు. షెడ్డు కట్టించి, సొట్టను కూడా ముద్దుగా చూసుకుంటున్నారు. నీ మాట విని మంచిపని చేశానోయ్ అంటారు. ఆయన సంతోషం నా తప్పును కాస్తయినా తగ్గించిందా? చాలాకాలం తగ్గించిందనే అనుకున్నాను. నష్టపోయిన సత్తిబాబును ఆ లెక్కలో చేర్చనే లేదు.

అంబాసిడర్ నేను కొన్నాను. అదిరే బండిని ఇంకెవరు కొంటారు? షావుకారు కూడా నా మాటే నమ్మి, సత్తిబాబుకు మళ్లీ చూపించకుండా ఇచ్చేశాడు. ఇంటికి తెచ్చిన పొద్దునే రెండు బోల్టులూ బిగించాను. గురగుర తిరిగొచ్చింది. ఊరంతా ఆశ్చర్యపోయింది. మెకానిక్కు చేతగానిది మాస్టారు బాగుచేశారు, చదువంటే అదీ అన్నారు. నేను ఔననలేదు, కాదనలేదు. నవ్వాను. ఆ నవ్వు కూడా నేరంలో భాగమే.

తర్వాత ఒక ఆదివారం, నేను ఆరాధన నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే, సత్తిబాబు మా గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకుని, పాఠానికి వచ్చినవాడిలా. తిడతాడనే అనుకున్నాను.

“బండి బాగు చేసేరంట గదండీ మాస్టారూ” అన్నాడు.

“ఏదో, చిన్న పనే.”

“ఆయ్. మాట పడ్డం నాకు కొత్త కాదండి. ఎక్కడ తప్పేనో తెలీట్లేదండి, అదీ బాధ. రాసుకున్న కొలతలన్నీ మళ్లీ చూసుకున్నానండి. బోల్టులు నా చేత్తోనే బిగించేను. మరెక్కడ పోయిందండీ? మీరు పట్టేరు గదా. తప్పు చెప్తే నేర్చుకుంటానండి.”

రోజూ క్లాసులో ప్రశ్న అడగండర్రా, సిగ్గుపడకండి అని మొత్తుకునేవాణ్ణి నేను. నా ఉద్యోగ జీవితంలో అంత శుభ్రమైన ప్రశ్న ఎవరూ అడగలేదు. దానికి జవాబు నా దగ్గర ఉంది. రెండు మాటలు. నేను తల దించుకున్నాను. గుమ్మంలో కాళ్లు తుడుచుకునే పీచు పట్టా కనిపించింది.

“పీచు” అన్నాను.

“పీచేంటండీ?”

“ఆసరాల్లో రబ్బరు కింద కొబ్బరి పీచు పట్టీ వేశాను సత్తిబాబూ. మన గాలిలో తేమెక్కువ. ఉత్త రబ్బరు అదురు ఆపలేదు. పీచు అదురును తాగేస్తుంది.” అనునాదం అని కూడా అన్నాను. ఆ మాట వినగానే అతని ముఖం విచ్చుకుంది.

బండి అక్కడే అరుగు పక్కన ఉంది. అతను నాలుగడుగులు వేసి దాని ముందు నిలబడ్డాడు. చెయ్యి బానెట్ అంచు దాకా వెళ్లింది. ఎత్తితే అయిపోయేది. నా పరువు పోయేది, అతనిది నిలబడేది. నేను “ఇంజను వేడిగా ఉంది, ఇంకోసారి చూద్దురుగాని” అన్నాను. ఆరాధనకు మేం నడిచి వెళ్లామని గేటు దగ్గర నిలబడ్డ అతనికి తెలుసు. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“ఆయ్. మీరు చెప్పేక ఇంక చూడ్డం ఎందుకండీ” అన్నాడు.

ఇదీ మన మర్యాద. ఇంకో ఊళ్లో అయితే ఎత్తి చూసేవాడు. మాస్టారి మాట మీద బానెట్ ఎత్తడం ఇక్కడ మనిషిని అనుమానించడమే అవుతుంది. మా మంచితనం మీద బతికే దొంగలు ఉంటారని నాకప్పుడే తెలిసింది. వెతకడానికి దూరం పోనక్కర్లేకపోయింది.

సత్తిబాబు ఆ రోజు నుంచి ప్రతి ఇంజను కిందా పీచు పట్టీ వేయడం మొదలెట్టాడు. అంబాజీపేట పీచు మిల్లులో అడిగి తెచ్చుకుని, తారులో ముంచి, ఎండబెట్టి వేస్తాడు. ముందు ట్రాలీ ఆటోలకు, తర్వాత వరి నూర్చే యంత్రాలకు. అవి చక్కగా నడుస్తున్నాయి. పోయిన పేరు మెల్లగా తిరిగొచ్చింది. ఇందులో నాకు అర్థంకానిది, మీరెవరైనా చెప్పగలరేమో. పీచు నిజంగా పనిచేస్తోందా, లేక అతని పని మొదటి నుంచీ అంత మంచిదేనా? నేను చూడలేదు. చూడడానికి భయం. అతనయితే పట్టీ తీసేసి చూడనే లేదట, మాస్టారు చెప్పారు కాబట్టి.

ఇంకో సంగతి వింటే మీరు నవ్వుతారు. లోపల చూడాలనే ఆశతో తప్పు చేసి సంపాదించిన బండి కదా. దాని బానెట్ ఇక్కడ ఎవరి ముందూ ఎత్తలేను. అందులో పీచు లేదు. సర్వీసుకు కాకినాడ తీసుకుపోతాను, నన్నెరగని చోటికి. దారిలో పొగ వచ్చినా ఆపకుండా పోతాను.

కిందటి నెల మా కాలేజీలో పిల్లల సైన్సు ప్రదర్శన జరిగింది. ప్రిన్సిపాల్ గారు సత్తిబాబును పిలిపించి, పీచు పట్టీని బల్ల మీద పెట్టించి, శాలువా కప్పబోయారు. అతను ఆ శాలువా చేతుల్లోకి తీసుకుని తిన్నగా నా దగ్గరికి వచ్చి నా భుజాల మీద కప్పాడు. ఇది మాస్టారి బుర్రండీ, నాదేం లేదండీ అన్నాడు. చప్పట్లు కొట్టారు. పిల్లలు ఊరుకుంటారా? మొట్టమొదటి పట్టీ చూస్తామని పోర్టికోలో ఉన్న నా అంబాసిడర్ చుట్టూ మూగారు. ఒక అమ్మాయి బానెట్ మీద చెయ్యి వేసింది. ఈసారి నేను నోరు తెరవలేదు. ఎత్తనీ అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

సత్తిబాబే అడ్డొచ్చాడు. “మాస్టారు చెప్పేక చూడ్డం ఎందుకమ్మా” అని ఆ పిల్ల చేతిని మెల్లగా పక్కకు జరిపాడు.

ఆ పిల్ల నా వంక చూసింది. ప్రశ్న అడగమని చెప్పింది మీరే గదా అన్నట్టుంది ఆ చూపు. నేనామెకు అబద్ధం నేర్పలేదు. అంతకంటే చెడ్డది నేర్పాను, మాస్టారి మాట దగ్గర ఆగిపోవడం.

ఆ శాలువా బీరువాలో ఉంది. మా ఆవిడ మడత పెట్టి దాచింది.

సత్తిబాబు గారూ, మీరు ఇది చదువుతారో లేదో. పేరు మార్చినా, పీచు అన్న మాట దగ్గర మీరు ఆగుతారు. క్షమించమని అడగను. అడిగితే మీరు ఆయ్ అంటారు, అది నాకు తెలుసు, అందుకే అడగను. ఆ ఆదివారం మీరు ఒక ప్రశ్న అడిగారు. దాని జవాబు ఇది. మీ కొలతలు సరిగ్గానే ఉన్నాయి. బోల్టులు మీరు గట్టిగానే బిగించారు. నేను వదులు చేశాను. మీరు ఎక్కడా తప్పలేదండి.